జడుపుకి మార్కులు

లాస్ ఏంజెలిస్‌లో నీ ఉద్యోగం ఏమిటే అని తెనాలి నుంచి మా పిన్ని ఫోనులో అడిగినప్పుడల్లా, బడిపిల్లల జడుపుకి మార్కులు వేస్తాను పిన్నీ అంటాను. ఆవిడ నవ్వుతుంది. మీరూ నవ్వండి, ఫరవాలేదు. నేను చేసే పని మాత్రం అదే.

మా బడి పిల్లల తల్లిదండ్రులు చాలామంది మెక్సికో, గ్వాటెమాలా, సాల్వడార్ దేశాలనుంచి వచ్చినవాళ్లు. వీధిలో తుపాకి పేలితే పెద్దవాళ్లు కిటికీలు మూసేస్తారు. చూసిన పిల్లవాడి మనసులో ఏం నిలిచిపోయిందో తెలిసేదెలా? ఆ నిలిచిపోయినదాన్నే డాక్టర్లు పి.టి.ఎస్.డి. అంటారు. దాన్ని కొలవడానికి ఒక కాగితం ఉంది. 2001లో వచ్చినప్పుడు అందులో 17 ప్రశ్నలు, ఇప్పుడు 20. ఒక్కొక్కదానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. ఈ పరీక్షలో ఎక్కువ వచ్చినవాడే తప్పినవాడన్నమాట! 31 వస్తే గీత దాటినట్టు.

కాగితాన్ని తీసిపారెయ్యడానికి వీల్లేదండీ. 2001-02లో తూర్పు లాస్ ఏంజెలిస్‌లో 126 మంది ఆరో తరగతి పిల్లల్ని ఆ పాత కాగితంతోనే ఏరారు. కొందరిని ముందుగా జట్లు కట్టి, పదిసార్లు కూర్చోబెట్టి, భయాన్ని ఎదుర్కోవడం నేర్పారు. మొదట అందరి మార్కులూ 24 ప్రాంతమే. మూడు నెలలకి నేర్చుకున్నవాళ్లవి సగటున 8.9కి దిగాయి, ఇంకా వంతు రానివాళ్లవి 15.5. కొలవకపోతే ఆ పిల్లలెవరో ఎవరికీ తెలిసేదే కాదు.

అయితే మొన్న ఒక పదకొండేళ్ల కుర్రవాడు వచ్చాడు. బస్సు ఆగేచోట ఒక మనిషిని కాల్చడం కళ్లారా చూశాడు. మార్కులు చూస్తే 22!

పీడకలలు వస్తున్నాయా అన్నచోట సున్నా చుట్టాడు. అదేం బాబూ అంటే, "నిద్ర పడితేగా కలలు రావడానికి" అన్నాడు. జరిగిన చోటికి పోకుండా తప్పించుకుంటున్నావా అన్నదానికీ సున్నాయే. "బడికి బస్సు అక్కడే ఎక్కాలి. ఎలా తప్పించుకోను?" ఆ ప్రశ్న రాసిన మహానుభావులు పిల్లవాడికి రెండో దారి ఉంటుందనుకున్నారు. ఇక రోజూ కడుపునొప్పి అంటూ నర్సు దగ్గరికి వెడుతున్నాడు కూడాను.

తల్లిని పిలిపించాను. గ్వాటెమాలా కొండల మనిషి. ఇంట్లో మాట్లాడేది కిచే భాష; స్పానిష్ తరవాత నేర్చుకున్నది. స్పానిష్ కాగితం ఇస్తే చదివి పక్కన పెట్టి, "సుస్తో" అంది. మన సుస్తీ అనుకునేరు! అచ్చంగా జడుపే. హడలిపోతే ప్రాణం ఒంట్లోంచి తొలగిపోతుందని వాళ్ల నమ్మకం. కోడిగుడ్డుతో ఒళ్లంతా తుడిచి దింపుతారు. ఇది చెబితే పిన్ని ఈసారి నవ్వలేదు. "మరి మనం దిష్టి తియ్యమూ?" అంది. అమెరికా మానసిక వైద్యుల పెద్ద పుస్తకంలోకి పి.టి.ఎస్.డి. 1980లో ఎక్కింది, వియత్నాంలో పోరాడివచ్చిన సైనికుల మూలంగా. సుస్తోకి 1994లో చోటు దొరికింది, అదీ చివరి పుటల్లో, అనుబంధంలో.

జట్టులో ఎనిమిదిమందికే చోటు. మార్కుల వరస చూస్తే మావాడు చాలా దూరం. మార్కులు నేను దిద్దలేదు. దిద్దితే రేపు ఇంకో పిల్లవాడి కాగితాన్ని ఎవరు నమ్ముతారు? అంచుల్లో వాడి మాటలు వాడన్నట్టే రాశాను. కింద తల్లి చెప్పిన ఆ ఒక్క మాటా రాశాను. మా పైఆవిడ బల్లమీద పెట్టాను. రెండు పుటల కాగితాన్ని ఆవిడ చాలాసేపు చదివింది. తరవాత తొమ్మిదో కుర్చీ వేయించింది.

గురువారం వచ్చాడు. తలుపు పక్క కుర్చీ ఏరుకుని కూర్చున్నాడు. పేరు తప్ప ఇంకేమీ చెప్పలేదు. కడుపునొప్పి సంగతి పక్క కుర్చీలో అమ్మాయి ఎత్తింది. అప్పుడు తల పైకెత్తి ఆ పిల్లవంక చూశాడు.