సెక్టర్ 2 నుండి మాస్కోకు

మే నెలలో భిలాయి ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. మధ్యాహ్నం వేళ సెక్టర్ 2 వీథులలో చెట్ల నీడలు తప్ప మరేదీ కదలదు. బడులకు సెలవులు. ఇక్కడి తెలుగు కుటుంబాలు సాధారణంగా ఈ రోజులలోనే దుర్గ్‌లో రైలెక్కి, రాయగడ, పార్వతీపురం మీదుగా విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలలోని తాతల ఊళ్ళకు బయలుదేరుతాయి. ఏ కొద్దిమందికో మాత్రం సెలవుల ప్రయాణం మాస్కో దాకా సాగుతుంది.

భిలాయివాసికి ఆ పేరు కొత్తది కాదు. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందమే ఈ ఉక్కు నగరానికి పునాది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఇక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆనాడు ఉత్తరాంధ్ర పల్లెల నుండి వచ్చినవారిలో చాలామందికి హిందీ కూడా రాదు. వారు దుబాసీల సాయంతో, సైగలతో, రష్యన్ నిపుణుల పక్కన నిలిచి పని నేర్చుకున్నారు. ఆ స్నేహానికి గుర్తుగా 1972లో వెలసిన మైత్రీబాగ్ ఉద్యానంలో మూడు తరాల పిల్లలు ఆడుకున్నారు. కనుక సెక్టర్ 2 నుండి మాస్కోకు బయలుదేరినవారి మనస్సులో, ఎన్నడూ చూడని చుట్టాల ఊరికి పోతున్నామన్న భావం ఉండటంలో వింత లేదు.

ఆ భావం విమానం దిగిన మొదటి గంటలోనే సడలిపోతుంది. ఢిల్లీ నుండి సుమారు ఆరు గంటల ప్రయాణం. గడియారాన్ని రెండున్నర గంటలు వెనక్కు తిప్పాలి. ఆపైన అక్షరాల చిక్కు మొదలవుతుంది. ఆంగ్లంలో ‘పి’ వలె కనిపించే అక్షరం ఇక్కడ ‘ర’. ‘హెచ్’ వంటిది ‘న’. ‘సి’ వంటిది ‘స’. భోజనశాల మీది పలకను ఆంగ్ల కన్నుతో చదివితే ‘పెక్టోపా’ అనిపిస్తుంది. నిజానికి అది ‘రెస్తరాన్’. ఎం.ఏ. చదివిన తండ్రి, రెండవ తరగతి చదివే కూతురు ఇద్దరూ ఆ పలక ముందు నిలిచి, సమానంగా అక్షరాలు కూడబలుక్కోవలసిందే.

రెండవ ఆశ్చర్యం వెలుతురు. జూన్ మాసంలో ఇక్కడ రాత్రి తొమ్మిది దాటిన తరువాత గాని సూర్యుడు అస్తమించడు. దీపం పెట్టే వేళ ఎప్పుడో తెలియక గృహిణి తికమకపడుతుంది. భోజనం ముగిసినా కిటికీ బయట ఇంకా సాయంత్రమే. రహదారుల వెడల్పు మరొక వింత. కొన్నింటిని పైనుంచి దాటే వీలే లేదు. నేలమాళిగ వంటి సొరంగంలోకి దిగి, అవతలి ఒడ్డున తేలాలి. సుమారు 1 కోటి 30 లక్షల జనాభా గల నగరమిది. ఎదురుపడిన వారెవ్వరూ అపరిచితులను చూసి నవ్వరు. వారిది కోపం కాదు, అలవాటు మాత్రమేనని గ్రహించడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

నగరాన్ని దగ్గరగా చూపించేది భూగర్భ రైలుమార్గం. 1935 మే 15న 13 స్టేషన్లతో ప్రారంభమైన ఈ మెట్రో నేడు నగరమంతటా వ్యాపించింది. పార్క్ పబేదీ స్టేషన్‌లో కదిలే మెట్ల మీద నిలుచుంటే అడుగు చేరడానికి సుమారు మూడు నిమిషాలు. భిలాయి పిల్లలు ఆ మెట్లు దిగుతూ, దల్లీ రాజహరా గనులు కూడా ఇంత లోతుంటాయా అని అడగవచ్చు. ఆ ఇనుప గనులు కొండల మీదివని పెద్దలు చెప్పవలసి వస్తుంది. రైలులో వినిపించే గొంతుకూ ఒక లెక్క ఉంది. నగర కేంద్రం వైపు పోయే రైలులో పురుష కంఠం స్టేషన్ల పేర్లు చెబుతుంది. కేంద్రం నుండి దూరంగా పోయేటప్పుడు స్త్రీ కంఠం. అక్షరాలు రాని కొత్తవారికి ఇది గొప్ప ఉపకారం.

మూడవ రోజు నాటికి ఉక్కు ఊరివాడి కన్ను తన పని మొదలుపెడుతుంది. 1938లో తెరచిన మయకోవ్‌స్కయా స్టేషన్‌లో అందరూ తలెత్తి పైకప్పులోని రంగురాళ్ళ చిత్రాలను చూస్తారు. భిలాయివాడి చేయి మాత్రం స్తంభాల మీది స్టెయిన్‌లెస్ స్టీల్ తొడుగును తడుముతుంది. ఎర్ర మైదానం పక్కనున్న గూమ్ అంగడిలో, 1893 నాటి గాజు కప్పును మోస్తున్న సన్నని ఉక్కు చట్రం వద్ద చూపు ఆగిపోతుంది. దానిని రూపొందించినవాడు ఇంజనీరు వ్లదీమిర్ షూఖోవ్. ఇక వేదెన్‌ఖా ప్రదర్శనశాల సమీపంలో, సుత్తి ఎత్తిన కార్మికుడు, కొడవలి ఎత్తిన రైతు స్త్రీ జంటగా నిలిచిన విగ్రహం 24 మీటర్లకు మించిన ఎత్తుతో మెరుస్తుంది. 1937 నాటి పారిస్ ప్రదర్శన కోసం వేరా ముఖినా స్టెయిన్‌లెస్ స్టీల్‌తో నిర్మించిన శిల్పమది. మరమ్మతుల తరువాత 2009లో దానిని మళ్ళీ నిలబెట్టారు. దాని కింద నిలిచినప్పుడు భిలాయివాడికి మొదటిసారిగా పరిచయమున్న మనిషి కనబడినట్లవుతుంది.

తెలుగువానికి ఇక్కడ మరొక గుర్తు ఉంది. జూబోవ్‌స్కీ బుల్వార్ అన్న చిరునామా ఒకప్పుడు వేలాది తెలుగు ఇళ్ళలోని పుస్తకాల మీద అచ్చయి ఉండేది. ప్రగతి ప్రచురణాలయం తెలుగు పుస్తకాలు అక్కడి నుండే వచ్చేవి. నవలాకారుడు ఉప్పల లక్ష్మణరావు వంటివారు ఈ నగరంలోనే ఉండి రష్యన్ రచనలను తెలుగు చేశారు. చలి దేశపు కథలను ఎండల దేశంలో చదువుకున్న పాఠకుడు ఆ వీథిలో నడుస్తూ, బాల్యంలో ఊహించుకున్న మంచు కోసం వెదుకుతాడు. జూన్ ఎండలో అక్కడ లిండెన్ చెట్లు పచ్చగా ఉంటాయి.

అయితే ఒక సంగతి మనస్సును కలచివేస్తుంది. ఒప్పందం మీద సంతకం చేసిన సోవియట్ దేశం 1991లో అంతరించింది. భిలాయిలో పనిచేసిన నిపుణులలో ఎక్కువమంది ఇప్పుడు లేరు. కాఫీ అమ్మే యువకునితో “భిలాయి” అంటే అతడు మర్యాదగా తల ఊపవచ్చు, అంతకు మించి ఏమీ తెలియకపోవచ్చు. అందులో అతని తప్పు లేదు. సెక్టర్ 2 పిల్లలలో తమ ఊరి కొలుముల వద్ద మొదట నిలిచిన రష్యన్ల పేర్లు ఒక్కటైనా చెప్పగలవారెందరు? మరపు రెండు వైపులా సమానమే.

స్నేహమంటే ఏమిటో తెలిసేది ఎవరైనా ఇంటికి పిలిచినప్పుడే. గుమ్మం వద్ద చెప్పులు విడవాలి. వీథిలో నవ్వని ముఖం ఇంట్లో వికసిస్తుంది. నల్లరొట్టె, తేనీరు, మురబ్బా బల్ల మీదికి వస్తాయి. వద్దన్నకొద్దీ పళ్ళెం నిండుతూనే ఉంటుంది. ఈ మర్యాద తాతల ఊళ్ళో ఎరిగినదే.

తిరిగి వచ్చిన రోజున ఇంట్లోని తాతగారు అడిగే ప్రశ్న ఒకటే: “అక్కడివాళ్ళు మన భిలాయిని ఎరుగుదురా?” నిజం చెప్పడం కష్టం, అబద్ధం చెప్పడం అంతకన్నా కష్టం. తాను నేర్చుకున్న నాలుగు రష్యన్ మాటలు అప్పజెప్పి మనుమరాలు ఆ ఇబ్బందిని దాటిస్తుంది. తాతగారు వాటిలో ఒక మాటను సరిదిద్దుతారు. అరవై ఏళ్ళ క్రిందట కొలిమి వేడిలో విన్న ఉచ్చారణ ఆయన నోట ఇంకా చెక్కుచెదరలేదు.