ఇడుపులపాయలో తెరమీది చదువు



కడప నుండి పులివెందులకు పోయే దారిలో వేంపల్లె తగులుతుంది. అక్కడి నుండి కొండల వైపు పోతే, పాపాఘ్ని నది కొండల నడుమ దారి చేసుకొని వచ్చే గండి ఉన్నది. ఆ చుట్టుప్రక్కలనే, అడవి అంచున, ఇడుపులపాయ ఉన్నది. ఎర్రమట్టి, గుండ్రాళ్లు, ముళ్లపొదలు. వాన పడితే పచ్చగాను, పడకపోతే బూడిదరంగుగాను కనిపించే కొండలు. మన సీమలో ఇటువంటి పల్లెలు అనేకం. అయినా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల వారిని ఎవరిని అడిగినా ఇడుపులపాయ దారి చెప్పగలరు.

అందుకు కారణాలు రెండు. 2009 సెప్టెంబరు 2న హెలికాప్టరు ప్రమాదంలో మరణించిన ముఖ్యమంత్రి డాక్టర్ వై.యస్. రాజశేఖరరెడ్డి గారి సమాధి ఇక్కడ ఉన్నది. దానిని చూడటానికి వచ్చేవారు అనేకులు. రెండవది ఇక్కడి విశ్వవిద్యాలయం. 2008లో శాసనం చేసి రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని స్థాపించారు. ఇడుపులపాయ, నూజివీడు, ఇప్పుడు తెలంగాణలో ఉన్న బాసర, ఈ మూడుచోట్ల ఒకేసారి తరగతులు మొదలయ్యాయి. ఇడుపులపాయలోని దానికి ఆర్.కె. వ్యాలీ అని పేరు. మన జనం మాత్రం ‘ట్రిపుల్ ఐటీ’ అంటారు.

పల్లెల్లో పదవ తరగతి బాగా చదివిన పిల్లలను తీసుకొని, అక్కడే ఉంచి, ఆరేండ్లు చదివించి ఇంజనీర్లను చేయడం దీని ఉద్దేశం. ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు ఎంపిక లెక్కలో కొంత అదనంగా కలుపుతారు. మొదటి ఏడాది ఒక్కొక్క చోట రెండువేల మంది చొప్పున చేర్చుకొన్నారు. కూలికి పోయే ఇండ్ల నుండి, చెనిక్కాయ చేను తప్ప వేరే ఆధారం లేని ఇండ్ల నుండి పిల్లలు వచ్చారు. వారిలో చాలామంది ఇండ్లలో బడిపుస్తకాలు తప్ప వేరే పుస్తకం లేదు. ఉంటే ఒక పరిశుద్ధ గ్రంథం, ఒక పాటల పుస్తకం. అటువంటి పిల్లల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి, పాఠాలను తెరమీద చదువుకోమన్నారు. మన రాష్ట్రంలో అంతమంది పల్లె పిల్లలు ఒక్కసారిగా కాగితం నుండి తెరకు మారడం అంతకుముందు ఎరుగము.

మా సంఘంలోని ఒక విద్యార్థిని చూడటానికి అతని తల్లితో కలిసి నేను అక్కడికి వెళ్లాను. ఆ తల్లి బడికి పోయిన మనిషి కాదు. కొడుకు గదిలో పుస్తకాల అర కోసం చూసి, “బుక్కులు యాడ పెట్టుకుంటివి నాయనా?” అని అడిగింది. “అన్నీ దీంట్లోనే ఉండాయి మా” అని అతడు ల్యాప్‌టాప్ తెరిచి చూపించాడు. ఆమె కాసేపు చూసి, “ఇది ఆరిపోతే?” అని అడిగింది. అబ్బాయి నవ్వాడు గాని ఆ ప్రశ్న నవ్వి విడిచిపెట్టదగినది కాదు. నేడు పుస్తకాన్ని యంత్రంలో చదివే ప్రతివారూ దానికి జవాబు ఆలోచించుకోవాలి.

మొదట మేలు సంగతి చూద్దాం. ఈ విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలర్‌గా ఉన్నది డాక్టర్ రాజ్ రెడ్డి గారు. అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరు అనే పల్లెలో 1937లో పుట్టి, అమెరికాలో ఆచార్యుడై, కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమానాన్ని 1994లో అందుకొన్నారు. పది లక్షల పుస్తకాలను ఫోటో తీసి లోకమంతటికీ ఉచితంగా అందించాలన్న పెద్ద పని వెనుక కూడా ఆయనే ఉన్నారు. భారతదేశం, చైనా, ఈజిప్టు దేశాలలో మనుషులు కూర్చొని పుట పుటనూ ఫోటో తీశారు. 2007 నాటికి ఆ లెక్క పదిహేను లక్షలు దాటింది. వాటిలో తెలుగు పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. ఏ పట్టణ గ్రంథాలయంలోనో చెదలు పట్టిపోతున్న పాత పుస్తకాన్ని ఈనాడు వేంపల్లెలో కూర్చొని చదవవచ్చును. పల్లె బిడ్డకు ఇది చిన్న మేలు కాదు.

ఇక, చదువుకోవడానికే చేసిన యంత్రం వేరే ఉన్నది. దానిని ఇ-బుక్ రీడర్ అంటారు. మన చేతిలోని ఫోనుకు, దానికి చాలా తేడా. ఫోను తెర దీపం వంటిది, వెలుగు కంటిలోకి కొడుతుంది. రీడరు తెర కాగితం వంటిది. దాని లోపల కంటికి ఆనని చిన్న గుళికలు ఉంటాయి. ఒక్కొక్క గుళికలో తెల్లని రేణువులు, నల్లని రేణువులు. విద్యుత్తు తగిలిన తీరును బట్టి తెల్లనివో నల్లనివో పైకి వచ్చి అక్షరం ఏర్పడుతుంది. పుట తిప్పినప్పుడే విద్యుత్తు ఖర్చు. కాబట్టి ఒకసారి చార్జి పెడితే వారాల తరబడి వస్తుంది. ఎండలో కూడా అక్షరాలు చక్కగా కనబడతాయి. ఈ సిరాను తయారుచేసే సంస్థ 1997లో అమెరికాలో మొదలైంది. అమెజాన్ వారి కిండిల్ 2007 నవంబరులో వచ్చింది, 2012లో మన దేశంలో అమ్మకానికి వచ్చింది.

దీనిని వాడినవారికి మూడు సంతోషాలు కలుగుతాయి. మొదటిది, బరువు తగ్గడం. నేను వేదాంత పాఠశాలలో డిప్లొమా చదివిన రోజుల్లో పుస్తకాలన్నీ ట్రంకు పెట్టెలో వేసుకొని బస్సు మీదికి ఎక్కించేవాళ్లం. ఊరు మారిన ప్రతిసారీ ఆ పెట్టెకు కూలి ఇవ్వవలసి వచ్చేది. అటువంటి పెట్టెలు పది ఇప్పుడు అరచేతిలో ఇముడుతాయి. రెండవది, అక్షరాన్ని పెద్దది చేసుకోవచ్చును. చూపు మందగించిన పెద్దలకు ఇది గొప్ప ఆదరణ. చూపు లేనివారికి పుస్తకాన్ని చదివి వినిపించే ఏర్పాటు కూడా యంత్రాలలో ఉన్నది. అటువంటివారికి అనువైన పుస్తకాలు తయారుచేయడానికి ప్రచురణ హక్కులు అడ్డు రాకూడదని 2013లో మర్రకేష్ నగరంలో దేశాలు ఒడంబడిక చేసుకొన్నాయి. దానిని అందరికంటే ముందు, 2014లో, ఆమోదించినది మన భారతదేశమే. మూడవది, తెలియని మాట వస్తే దానిమీద వ్రేలు పెట్టగానే అర్థం కనబడుతుంది. ఇంగ్లీషులో తడబడే పల్లె విద్యార్థికి ప్రక్కనే ఒక ఉపాధ్యాయుడు కూర్చొన్నట్లే.

ఇప్పుడు కష్టాలు చెప్పుకొందాం. మొదటిది మన భాషకే కలిగిన కష్టం. 2016 డిసెంబరులో అమెజాన్ వారు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం భాషలలో కిండిల్ పుస్తకాలు తెచ్చారు. ఆ అయిదింటిలో తెలుగు లేదు. ఉచితంగా దొరికే పాత తెలుగు పుస్తకాలైతే పుటల ఫోటోలు. చిన్న రీడరు తెరమీద ఆ పుట కుదించుకుపోయి ఒత్తులు, గుణింతాలు చీమల బారులాగా కనబడతాయి. అక్షరాన్ని పెద్దది చేయబోతే వరుస తెర దాటిపోతుంది. కొన్ని వేల రూపాయలు పోసి రీడరు కొనేవారు దీనిని ముందుగా తెలుసుకోవాలి. ఇంగ్లీషు చదివేవారికి అది ఎంత సుఖమో తెలుగు చదివేవారికి అంత సుఖం కాదు.

రెండవది మనసు నిలవకపోవడం. తెరమీద చదువు, కాగితం మీద చదువు ఏది బాగా అర్థమవుతుందని అనేక దేశాలలో పరీక్షించారు. 2000 నుండి 2017 వరకు జరిగిన 54 పరిశోధనలను ఒకచోట చేర్చి 2018లో కొందరు పండితులు లెక్క తేల్చారు. కథలు చదివినప్పుడు పెద్ద తేడా లేదు. విషయం నేర్చుకొనే పాఠాలలో మాత్రం కాగితం మీద చదివినవారికే ఎక్కువ అర్థమైంది. సమయం కొలిచి ఇచ్చినప్పుడు ఆ తేడా ఇంకా పెరిగింది. తెరమీద మనము పైపైన చూచి చదివేశామనుకొంటాం. అందులోనూ ఫోనులో చదివేవారికి మధ్యమధ్య వచ్చే కబుర్లు, బొమ్మలు సరేసరి. మన ఆరాధనలలో వాక్యం చదివేటప్పుడు ఫోను తీసినవారు ఎందరో, చదివింపు ముగిసేవరకు ఆ వాక్యం మీదనే ఉన్నవారు ఎందరో, ఎవరికి వారే పరీక్షించుకోవాలి.

మూడవది అన్నిటికంటె పెద్దది. యంత్రంలో కొన్న పుస్తకం చాలాచోట్ల మనది కాదు. చదువుకోవడానికి అనుమతి మాత్రమే మనకు అమ్ముతారు. 2009 జూలైలో అమెజాన్ వారు జార్జి ఆర్వెల్ వ్రాసిన రెండు పుస్తకాలను, హక్కులు లేనివారు అమ్మారన్న కారణంతో, డబ్బు తిరిగి ఇచ్చి పాఠకుల కిండిళ్లలో నుండి దూరం నుండే తుడిచివేశారు. తరువాత తమ అధిపతి చేతనే క్షమాపణ చెప్పించారు. 2019లో మైక్రోసాఫ్ట్ వారు తమ పుస్తకాల అంగడిని మూసివేస్తే, కొన్నవారి దగ్గర నుండి పుస్తకాలు మాయమయ్యాయి. డబ్బు తిరిగి వచ్చింది గాని పుస్తకం రాలేదు. 2025 ఫిబ్రవరిలో, కొన్న పుస్తకాన్ని కంప్యూటరులోకి దింపుకొని దాచుకొనే వీలును కూడా అమెజాన్ వారు తీసివేశారు. “ఇది ఆరిపోతే?” అన్న ఆ తల్లి ప్రశ్నకు ఇది జవాబు. కరెంటు పోతే మళ్లీ వస్తుంది, అంగడి మూతపడితే పుస్తకం రాకపోవచ్చును.

యిర్మీయా గ్రంథంలో రాజైన యెహోయాకీము సంగతి మీరు ఎరుగుదురు. చలికాలపు ఇంటిలో కూర్చొని, చదువబడుతున్న గ్రంథపు చుట్టను ముక్కలుగా కోసి కుంపటిలో వేయించాడు. అయితే యిర్మీయా మరల చెప్పగా బారూకు మరియొక చుట్టలో అంతా వ్రాశాడు. కాల్చినవాని చేతికి అందనిచోట చెప్పేవాడు, వ్రాసేవాడు మిగిలి ఉన్నారు కాబట్టి ఆ గ్రంథం మనవరకు వచ్చింది. ఒకే అంగడి చేతిలో పుస్తకాలన్నీ పెట్టుకొంటే ఆ రెండవ చుట్టకు చోటెక్కడ?

మన కడప కూడా ఈ పాఠమే చెబుతుంది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొరగారు 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చారు. తాటాకుల మీద ఉన్న తెలుగు కావ్యాలు పురుగు పట్టి, ప్రతికి ప్రతికి తప్పులు పెరిగి పాడవుతున్నాయని గ్రహించారు. తన జీతం డబ్బుతో పండితులను పెట్టి, ప్రతులను పోల్చి చూపించి, కాగితం మీదికి ఎత్తి వ్రాయించారు. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించారు. 1852లో నిఘంటువు వెలువరించారు. ఆయన కడప బంగళా ఉన్న స్థలంలోనే నేడు ఆయన పేరిట గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. తాటాకు నుండి కాగితానికి మారినందుకు తెలుగు నష్టపోలేదు. మార్చేటప్పుడు ఒకరు కూర్చొని శ్రద్ధతో ఎత్తి వ్రాయించారు గనుక నిలిచింది. అదే శ్రద్ధ కాగితం నుండి తెరకు మారేటప్పుడు కూడా కావాలి.

కాబట్టి తలిదండ్రులకు కొన్ని మాటలు మనవి చేస్తున్నాను. యంత్రాన్ని చూచి భయపడవద్దు. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ప్రభుత్వ బడులలోని ఎనిమిదవ తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచారు, అంటే తెరమీది చదువు ఇడుపులపాయ దాటి మన ఊరి బడికే వచ్చింది. దొరకని పుస్తకాన్ని, దూరపు పుస్తకాన్ని, ఒకసారి చదివి విడిచే పుస్తకాన్ని తెరమీద చదవనివ్వండి. పరీక్షకు నేర్చుకోవలసిన పాఠాన్ని మాత్రం నోటుబుక్కులో చేతితో వ్రాయించండి. ఉచితంగా దొరికే పాత తెలుగు పుస్తకాలను దింపి ఒకటికి రెండుచోట్ల దాచమని చదువుకొన్న పిల్లలకు చెప్పండి. రాత్రి పడుకొనే ముందు ఫోనును వేరే గదిలో ఉంచండి.

పది కాలాలు ఇంట్లో ఉండవలసిన పుస్తకాన్ని కాగితం మీద కొనండి. ఇంటిలో నలుగురు ఒకేసారి నాలుగు పుస్తకాలు తెరవవచ్చును గాని, ఒక్క యంత్రం చుట్టూ నలుగురు చదవలేరు. అవ్వ చదివిన పుస్తకం కూతురికి, కూతురు చదివినది మనవరాలికి ఎవరి అనుమతీ అడగకుండా చేరుతుంది. మన ఇండ్లలో పరిశుద్ధ గ్రంథపు మొదటి తెల్లకాగితం మీద పిల్లలు పుట్టిన తేదీలు, బాప్తిస్మపు తేదీలు, పెండ్లి తేదీలు వ్రాసి ఉంచే వాడుక ఉన్నది. కొన్ని ఇండ్లలో ఆ వ్రాత తప్ప అవ్వ చేతివ్రాత వేరే ఎక్కడా మిగలలేదు. ఏ యంత్రంలోను అటువంటి తెల్లకాగితం లేదు.

ఇడుపులపాయకు బిడ్డను పంపే తల్లులకు ఒక మాట. పెట్టె సర్దేటప్పుడు బట్టల మధ్య ఒక్క పుస్తకం పెట్టి పంపండి. అది ఏ పుస్తకమో మీ ఇంటివారే నిర్ణయించుకోండి. లోపలి అట్టమీద బిడ్డ పేరు, ఇచ్చిన తేదీ మీ చేతితోనే వ్రాయండి. వ్రాయడం రాని తల్లి అయితే, బిడ్డ చేతనే వ్రాయించి, క్రింద తన వ్రేలిముద్ర వేయాలి.