నీటిబొట్టు వదిలితేనే గొలుసు

పాలిమర్లు అనగానే మనలో చాలామందికి పరీక్షలో వచ్చే ఒక ప్రశ్న గుర్తొస్తుంది: "సంకలన, సంఘనన పాలిమర్ల భేదములు వ్రాయుము." కాగితం మధ్యన గీత గీసి, అటు పాలిథీన్, ఇటు నైలాన్ అని రాసి లేచి వస్తాం. ఆ గీతకి ఇటువైపున ఉన్నవాటి గురించే నాలుగు మాటలు చెప్పాలని నా ఈ ప్రయత్నం. ఎందుకంటే అవి మన పుస్తకాల్లో కంటే మన వీధుల్లోనే ఎక్కువ.

సంఘననంలో రెండు అణువులు కలవాలంటే రెండూ కొంత వదులుకోవాలి. ఆమ్లం తన వంతుగా ఓహెచ్‌ని వదులుతుంది. ఎమీనో, ఆల్కహాలో తన వంతుగా ఒక హైడ్రోజన్‌ని వదులుతుంది. ఆ రెండూ కలిసి నీటి అణువై బయటికి పోతే, ఖాళీ అయిన చోట కొత్త బంధం పడుతుంది. ఒక్కో అణువుకి ఒక్కో చెయ్యే ఉంటే కథ అంతటితో సరి. రెండేసి చేతులుంటే గొలుసు సాగుతుంది. పోచంపల్లి మగ్గం మీది పట్టుదారం ఇలాంటి గొలుసే. పట్టుపురుగు ఎప్పటినుంచో చేస్తున్న ఈ పనిని 1935లో అమెరికాలో కరోథర్స్ ప్రయోగశాలలో మనిషి చేసి చూపించాడు. ఆరు కార్బన్ల ఆమ్లం, ఆరు కార్బన్ల ఎమీన్ కలిపితే నైలాన్ 6,6 వచ్చింది. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు టెరిథాలిక్ ఆమ్లాన్ని ఇథిలీన్ గ్లైకాల్‌తో కలిపి పాలియెస్టర్ చేశారు. మనం తొడిగే టెరికాటన్ చొక్కాలో దారం, తాగి పారేసే నీళ్ళ సీసా, రెండూ అదే పదార్థం.

ఇందులో నన్ను బాగా ఆకట్టుకున్నది కరోథర్స్ లెక్క. చేతులు నూటికి 95 కలిస్తే గొలుసు సగటున 20 ముక్కల పొడుగే. దానితో దారం తీయలేం. 99 కలిస్తే 100 ముక్కలు, 99.5 కలిస్తే 200. అంటే బలమంతా చివరి ఒకటి రెండు శాతంలోనే ఉందన్నమాట! అందుకే ఫ్యాక్టరీల్లో ఆవిరైన నీటిని, మిగిలిపోయిన గ్లైకాల్‌ని వాక్యూమ్‌తో పూర్తిగా లాగేస్తారు. నీళ్ళు పోతేనే గొలుసు. ఆ వేడిలో నీళ్ళు మళ్ళీ చేరితే కట్టిన గొలుసే తెగుతుంది.

ఈ సంగతి నాకు క్లాసులో అర్థమైంది కొంతే. మిగతాది మధురానగర్‌లో అర్థమైంది. మా పేటకి ఒక పక్క అమీర్‌పేటలో సారథీ స్టూడియో, ఇంకో పక్క జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. మా పక్కింటి బాబాయిగారు ఎడిటింగ్ రూముల్లో పనిచేసి రిటైరయిన మనిషి.

"అసిటేట్ ఫిల్మయితే చివర గీకి, సిమెంటు రాసి నొక్కితే అతుక్కునేదయ్యా. పాలియెస్టర్ ప్రింట్లొచ్చాక సిమెంటు పట్టదే! టేపు వెయ్యాల్సొచ్చేది. పైగా అది తెగదు. ఎక్కడైనా ఇరుక్కుంటే మిషనే పాడవుతుంది" అన్నారాయన ఒకసారి.

ఆ సిమెంటు నిజానికి ఒక ద్రావణి. అసిటేట్ పైపొరని కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. పాలియెస్టర్ దానికి కరగదు. 1990ల్లో థియేటర్ ప్రింట్లు పాలియెస్టర్ మీదికి మారినా, కెమెరాలో వాడే నెగెటివ్ మాత్రం అసిటేట్‌గానే ఉండిపోయింది. కెమెరా విరగడం కంటే ఫిల్ము తెగడం నయం కదా!

"మరి పాత డబ్బా మూత తీస్తే ఆ పులుపు వాసనేమిటి?" అని అడిగారు బాబాయిగారు.

అది వెనిగర్ వాసనే. అసిటేట్ ఫిల్ము అంటే సెల్యులోజ్‌కి అసిటేట్ సమూహాలు ఎస్టర్ బంధాలతో తగిలించి చేసినది. గాలిలోని తేమ, మన ఎండల వేడి కలిసి ఆ బంధాలను విప్పేస్తాయి. అసెటిక్ ఆమ్లం బయటపడుతుంది. ఆ ఆమ్లమే మిగతా బంధాలు విడిపోవడాన్ని ఇంకా తొందరచేస్తుంది, పక్క డబ్బాలకీ అంటిస్తుంది. ఫిల్ము కుంచించుకుపోయి, వంకర్లు తిరిగి, పెళుసవుతుంది. అంతకు ముందున్న నైట్రేట్ ఫిల్ముకి నిప్పు భయం. 2003లో పుణెలో అలాంటి రీళ్ళు ఎన్నో కాలిపోయాయి. అసిటేట్‌కి నీటి భయం. పాలియెస్టర్‌లోనూ ఎస్టర్ బంధాలే, కానీ బెంజీన్ వలయాలున్న ఆ గొలుసులు దగ్గరగా పేర్చుకుని ఉంటాయి కాబట్టి మామూలు వేడిలో నీరు అంత తేలిగ్గా చొరబడలేదు. ఇదంతా విని బాబాయిగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన అతికిన సినిమాలన్నీ అసిటేట్ మీద ఉన్నవే.

అలా చెడని గుణమే వీధిలోకొచ్చేసరికి మన పీకల మీదికొచ్చింది. తెల్లవారుజామున మా సందులో గోనెసంచి భుజాన వేసుకుని సీసాలేరే ఆడవాళ్ళు కనిపిస్తారు. క్యారీబ్యాగుల్ని వదిలేసి సీసాలే ఏరతారు. సీసాకి పాతసామాన్ల కొట్టులో ధర ఉంది. దాన్ని కరిగించి దారం తీస్తారు. అంతేకాదు, నీటితోనో గ్లైకాల్‌తోనో బాగా వేడిచేస్తే ఏ బంధం దగ్గర నీరు పోయిందో అక్కడే విడిపోయి, మొదటి ముడిసరుకు తిరిగొస్తుంది. కార్బన్‌కి కార్బన్ తగిలిన పాలిథీన్‌లో అలా విడదీయడానికి ముడే లేదు. పరీక్షలో మనం గీసే గీతకి అసలు అర్థం ఇదేనని నాకనిపిస్తుంది.

కాని చెత్తలో, చారులో, మట్టిలో కలిసిన సీసా ఆ దారిన పోలేదు. ఏరే ఆమెకి దాని మీద రూపాయి కూడా రాదు. కాబట్టి మిత్రులారా, మన యూనియన్‌కి నాదొక విన్నపం. క్యాంటీన్ పక్కన సీసాలకి విడిగా ఒక డబ్బా పెట్టించండి. అందులో శుభ్రమైన, ఖాళీ సీసా వేసే పని మనది. అందరం వేయాలి సుమా! నూటికి 95 మంది వేస్తే ఏమవుతుందో కరోథర్స్ ఎప్పుడో లెక్క కట్టాడు.