ఆగవలసిన చోటు

అచ్చుపనికీ క్యాలెండర్లకూ పేరుపడ్డ శివకాశి చుట్టుపక్కల ఇంజినీరింగు మొదటి ఏడాది విద్యార్థికి ప్రోగ్రామింగు తొలిపాఠం అంకెల లెక్కలతోనే ముడిపడి ఉంటుంది. అన్నా విశ్వవిద్యాలయం 2017 నిబంధనావళిలోని పైథాన్ పాఠ్యక్రమంలో వర్గమూలం, గరిష్ఠ సామాన్య భాజకం ఉదాహరణ ప్రోగ్రాములుగా ఉన్నాయి. వీటిలో వర్గమూలం ఈ ఊరికి మరీ దగ్గరిది, ఎందుకంటే 210, 297 మిల్లీమీటర్ల ఏ4 కాగితం కొలతల వెనుక ఉన్నది 2 వర్గమూలమే. పొడవు వెడల్పుకు అన్ని రెట్లు ఉంటేనే కాగితాన్ని సగానికి కోసినా ఆకారం మారదు.

ఒక ఊహతో 2ను భాగించి, ఊహకూ భాగఫలానికీ సగటు తీసి, దాన్నే కొత్త ఊహగా మళ్లీ వాడే న్యూటన్ పద్ధతి 1 నుంచి బయలుదేరి 1.5, 1.41667, 1.414216 అంటూ మూడే అడుగుల్లో దరిదాపులకు చేరుతుంది. చిక్కంతా ఎక్కడ ఆగాలన్నదే. వర్గం సరిగ్గా 2 అయ్యేదాకా తిరగమంటే ఆ ప్రోగ్రాము ఆగనే ఆగదు. కంప్యూటరు దశాంశాలను పరిమితమైన స్థానాల్లోనే దాచుకుంటుంది గనుక వర్గం 2.0000000000000004 దగ్గరో, 2కు రవ్వంత దిగువనో నిలిచిపోతుంది. అందుకే టాలరెన్స్‌ను, అంటే ఓర్చుకోదగిన తేడాను, ముందే చెప్పాలి. ఈ ఇంగితం పాఠ్యపుస్తకం కన్నా కాగితం కోసే కార్మికుడికే ఎక్కువ.

ఇంట తెలుగు, వీధిలో తమిళం, తెర మీద ఇంగ్లీషు నడిచే కుటుంబాలు ఈ సీమలో ఉన్నాయి; ఆగే షరతు రాసేటప్పుడు అలాంటి విద్యార్థికి ముందు తట్టేది ‘అయ్యేదాకా’ అన్న మాట, పైథాన్‌లోని ‘వైల్’కు అర్థం ‘నిజమై ఉన్నంతసేపు’ కాబట్టి షరతును తిరగేసి రాయాల్సి వస్తుంది.