గాలి కొండ దిగే కాలం

అమీర్‌పేట నుంచి అమెరికాకు దారి మైత్రీవనం మీదుగా పోతుందని మా సంజీవరెడ్డి నగర్‌లో ఓ పాత ఛలోక్తి. ఆ మాట నిజం చేసినవాళ్లలో మా మేనల్లుడొకడు. బందరు పక్క పల్లె నుంచి డిగ్రీ పట్టా పట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఆదిత్య ఎన్‌క్లేవ్‌లో పొద్దున జావా, సాయంత్రం ఒరాకిల్ నేర్చుకుని, స్వర్ణజయంతి కాంప్లెక్స్ ముందు బండి మీద ఇడ్లీలు తిని రోజులు వెళ్లదీశాడు. ఇప్పుడు దక్షిణ కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో సొంతిల్లు, ఇద్దరు పిల్లలు.

2025 జనవరిలో లాస్ ఏంజిల్స్ చుట్టూ ఊళ్లు తగలబడుతుంటే ఇక్కడ టీవీ ముందు కూర్చుని వాడికి ఫోన్ చేశాను. మంటలు మీకెంత దూరంరా అంటే, “మంట దూరమే మావయ్యా, గాలి మాత్రం మాకూ అదే” అన్నాడు. ఆ మాట మనసులో ఉండిపోయింది. రమ్మని ఎప్పట్నుంచో పిలుస్తున్నాడు కనుక, ఆ గాలి వీచే కాలమే చూసుకుని అక్టోబరు చివర్లో, దీపావళి వెళ్లాక బయల్దేరాను.

ఇర్వైన్ చేరాక, నిద్ర పట్టక తెల్లవారకముందే లేచి చూస్తే, వాడు స్టూలెక్కి గుమ్మానికి కట్టిన మామిడాకుల తోరణం విప్పుతున్నాడు. “పండగ వెళ్లి ఎన్నాళ్లయిందని, అప్పుడే తీసేస్తున్నావు?” అన్నాను.

“ఆకులు గలగలమంటున్నాయి. రేపట్నుంచి గాలి తిరుగుతుందంటున్నారు మావయ్యా.”

తోరణంతో ఆగలేదు. గుమ్మం ముందరి కొబ్బరిపీచు పట్టా, వరండాలో చెక్క కుర్చీలు, దిండ్లు అన్నీ గరాజులోకి వెళ్లాయి. వాళ్లావిడ చూరు కాలవలో పేరుకున్న ఎండుటాకులు తీసి సంచిలో కుక్కింది. గోడ నుంచి అయిదడుగుల దాకా మండేదేదీ ఉండకూడదన్నది అక్కడ అగ్నిమాపక సిబ్బంది చెప్పే మొదటి పాఠం. ఇళ్లను కాల్చేది ఎగసిపడే మంట కంటే ఎక్కువగా గాలి మోసుకొచ్చే నిప్పురవ్వలు. మంటకు కిలోమీటరు ముందే అవి ఎగిరొచ్చి ఎండుటాకుల్లో, చాప మడతల్లో, అటక మీదికి గాలాడే కంతల్లో కూర్చుంటాయి. అందుకే కొన్ని వీధుల్లో ఇల్లు బూడిదై, పెరట్లో చెట్టు పచ్చగా నిలబడి ఉంటుంది.

నాకిది కొత్త సంగతి కాదు. మా చిన్నతనంలో రోహిణి కార్తెలో పడమటి గాలి లేచిందంటే, తలారి పొద్దున్నే తప్పెట కొట్టుకుంటూ వీధివీధీ తిరిగేవాడు. పొద్దు నెత్తి మీదికొచ్చే లోపల పొయ్యిలు ఆర్పుకోవాలని చాటింపు. తాటాకు ఇళ్లు, వాటిని ఆనుకుని గడ్డివాములు. ఒక పొయ్యిలో రవ్వ లేస్తే ఊరు లేచిపోయినట్టే. బొగ్గుల మీద నీళ్లు చల్లి, మధ్యాహ్నానికి చద్దన్నం ఉంచుకునేవాళ్లం. అరుగుల మీద చుట్టలు కాల్చే పెద్దాళ్లు కూడా ఆ పూటకు నోరు కట్టుకునేవాళ్లు. ఇదంతా పాత పల్లెల గొడవ అనుకోనక్కర్లేదు. 2016 ఏప్రిల్‌లో బిహార్ ప్రభుత్వం, ఎండుగాలులు వీచే రోజుల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా పల్లెల్లో వంట పొయ్యి వెలిగించవద్దని ఆదేశాలిచ్చింది.

మర్నాటికి గాలి తిరిగింది. పెదాలు చిట్లాయి, తలుపు పిడి పట్టుకుంటే చురుక్కుమంది. ఆకాశం మాత్రం కడిగినట్టుంది. రోజూ సముద్రం మీంచి వచ్చే మంచుతెర జాడే లేదు. కొండ మీది వీధి నుంచి చూస్తే సముద్రం అవతల కాటలినా దీవి గీత గీసినట్టు కనిపించింది. అంత చక్కటి రోజున రేడియోలో రెడ్ ఫ్లాగ్ అనే మంటల ముప్పు హెచ్చరికల గురించి మాట్లాడుతున్నారు.

వాడు ముందుగా ఊరి ఉత్తరాన ఆర్చర్డ్ హిల్స్ వైపు తీసుకెళ్లాడు. తెలుగు పేర్లున్న ఇళ్లు చాలానే ఉన్న చోటు. 2020 అక్టోబరు 26, సోమవారం పొద్దున ఇక్కడికి దగ్గరి కొండల్లో సిల్వరాడో మంట మొదలైంది. కొద్ది గంటల్లోనే ఇర్వైన్‌లో 90 వేల మందికి పైగా ఇళ్లు వదలాల్సి వచ్చింది. కోవిడ్ రోజులు కాబట్టి అందరూ ఇళ్లలోనే ఉన్నారు. పిల్లల ఆన్‌లైన్ క్లాసు నడుస్తుండగానే లాప్‌టాపులు మూసి కార్లెక్కారట. 12 వేల ఎకరాలకు పైగా కాలినా ఇళ్లు చాలామటుకు దక్కాయి. మంట ఆర్పబోయిన ఇద్దరు సిబ్బందికి తీవ్రంగా కాలిన గాయాలయ్యాయి. వెడల్పాటి రోడ్లు, కొత్త ఇళ్లు, పగటి వేళ. ఈ మూడూ కలిసొచ్చాయన్నాడు వాడు.

గాలి పుట్టిన దారి చూడాలంటే కహోన్ కనుమకు పోవాలి. శాన్ బెర్నార్డినో దాటి పదిహేనో నంబరు హైవే ఎక్కితే, రెండు కొండల వరుసల మధ్య సందులోంచి రోడ్డూ రైలు పట్టాలూ కలిసి పైకి పాకుతాయి. శాన్ ఆండ్రియాస్ భూకంప పగులు కూడా ఈ సందులోంచే పోతుంది. 1,200 మీటర్లకు పైన మలుపు తిరిగితే అటు మొహావీ ఎడారి. ఖాళీ ట్రైలర్లు లాగే లారీలకు గాలి హెచ్చరికలు పెట్టి ఉన్నాయి. కారు పక్కకు ఒరుగుతుంటే మేనల్లుడు రెండు చేతులతో స్టీరింగ్ బిగించి పట్టుకున్నాడు. ఆగిన చోట తలుపు తెరవడానికి భుజం ఆనించాల్సి వచ్చింది.

ఎడారి గాలి కనుక వేడి అనుకుంటూ వచ్చాను. అసలు సంగతి వేరు. నెవాడా, యూటాల మీదున్న ఎత్తైన గ్రేట్ బేసిన్‌లో శరత్కాలం నుంచి చలిగాలి పేరుకుంటుంది. పీడనం పెరిగి అది సముద్రం వైపు జారుతుంది. అడ్డంగా ఉన్న కొండల్లో సందు దొరికిన చోటల్లా ఇరుక్కుని వేగం పుంజుకుంటుంది. కిందికి దిగేకొద్దీ నొక్కుకుపోయి, కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. సైకిలు పంపు కొడుతుంటే గొట్టం అడుగు కాలినట్టే. మొదటే తేమ తక్కువ, వేడెక్కాక మరీ తక్కువ. ఒక్కోసారి పది శాతం లోపుకి పడిపోతుంది. దీన్నే శాంటా అనా గాలి అంటారు. మన పడమటి గాలి పుట్టుకతోనే వేడిది. మండే మధ్యభారతం, దక్కను నేలల మీదుగా సెగ మోసుకొచ్చి, సముద్రపు గాలిని ఒడ్డు దాటనివ్వదు. పైరగాలి రాని రోజున బందరు కూడా రెంటచింతల అయిపోతుంది. కారణాలు వేరైనా రెండూ నేల మీంచి సముద్రం మీదికి పోయేవే, దారిలో ఉన్నదాన్నల్లా ఎండబెట్టేవే.

ఇంకొక తేడా, ఈ గాలి వచ్చే సమయం. మనకు పడమటి గాలి తర్వాత నెల తిరక్కుండా తొలకరి పడుతుంది. కాలిఫోర్నియాలో వాన శీతాకాలపు చుట్టం. ఆరు నెలలు చినుకు లేక కొండల మీది చాపరాల్ పొదలు పుల్లలైపోయాక, వానకంటే ముందు గాలి వస్తుంది. 2024 చివర్లో ఆ వాన రానే లేదు. అంతకు ముందు రెండు శీతాకాలాలు బాగా కురిసి గడ్డీ పొదా ఏపుగా పెరిగాయి. ఆ తర్వాత మే నుంచి జనవరి మొదటి వారం దాకా లాస్ ఏంజిల్స్ నడిబొడ్డున పడింది నాలుగు మిల్లీమీటర్లు. అప్పుడొచ్చింది గాలి.

ఆ గాలి చేసిన పని ఆల్టడీనాలో చూశాం. శాన్ గాబ్రియల్ కొండల పాదాల దగ్గర ఊరు. ఇతర చోట్ల నల్లవాళ్లకు ఇల్లు అమ్మని, అప్పు ఇవ్వని రోజుల్లో, వాళ్లు కాలూని ఇళ్లు కొనుక్కున్న చోటు. 2025 జనవరి 7 పొద్దున సముద్రం ఒడ్డున పాలిసేడ్స్ మంట, సాయంత్రం ఆరు దాటాక ఇక్కడ ఈటన్ లోయ మంట. గాలి కొన్నిచోట్ల గంటకు 130 కిలోమీటర్లు దాటింది. ఆ రాత్రి నీళ్లు చల్లే విమానాలను, హెలికాప్టర్లను దించేయాల్సి వచ్చింది. 2014 మార్చిలో శేషాచలం అడవి కాలినప్పుడు తిరుమల మీద వాయుసేన హెలికాప్టర్లు నీళ్లు గుమ్మరించడం మనకు తెలుసు. ఇక్కడ అంతకు ఎన్నో రెట్ల యంత్రాంగం ఉండీ, అవసరమైన గంటల్లో గాలి దాన్ని నేల మీదే కూచోబెట్టింది. ఈటన్ మంటలో 9,400కు పైగా కట్టడాలు పోయాయి, 19 మంది చనిపోయారు. పాలిసేడ్స్‌లో 12 మంది.

మేం వెళ్లేసరికి శిథిలాలు ఎత్తేశారు. వీధి నంబరు రాసిన కాలిబాట, దాని వెనక చదును చేసిన ఖాళీ జాగా. వీధి పొడుగునా అంతే. అక్కడక్కడ కొత్త ఇంటి చెక్క చట్రం లేస్తోంది, అక్కడక్కడ అమ్మకపు బోర్డు. బీమా చాలక కొందరు, అసలు లేక కొందరు ఆగిపోయారు. మంటల ముప్పున్న ప్రాంతాల్లో పెద్ద కంపెనీలు పాలసీలు తగ్గించుకుంటూ వస్తున్నాయి. దిక్కులేనివాళ్లకు చివరి ఆసరాగా ఫెయిర్ ప్లాన్ అని ఒకటుంది. ప్రీమియం ఎక్కువ, రక్షణ తక్కువ.

లేక్ అవెన్యూ మీద కారు ఆపి మేనల్లుడు రెండు వైపులా చూపించాడు. ఈ రోడ్డుకు తూర్పున ఉన్నవాళ్లకు ఇళ్లు వదలమని ఆ సాయంత్రమే ఆదేశాలు వెళ్లాయి. పడమటి వైపు వాళ్లకు ఆ మాట అందింది తెల్లవారుజామున మూడు దాటాక. మంట మొదలై అప్పటికి దాదాపు తొమ్మిది గంటలు. చనిపోయినవాళ్లు దాదాపు అందరూ ఈ పడమటి వైపు వాళ్లే. ఎక్కువమంది వయసు పైబడినవాళ్లు, నడవలేనివాళ్లు.

తిరుగు ప్రయాణంలో కాలబాసస్ దగ్గర మాలిబు వేంకటేశ్వరుడి గుడికి వెళ్లాం. 1981 నాటి గుడి. తెల్లటి గోపురాల వెనక అవే పొదల కొండలు. 2018 నవంబరు 8న మొదలైన ఊల్సీ మంట ఈ చుట్టుపక్కల కొండల్ని కాల్చుకుంటూ హైవే దాటి మాలిబు సముద్రం దాకా పోయింది. దాదాపు 97 వేల ఎకరాలు, 1,600కు పైగా కట్టడాలు. గుడి దక్కింది. అదే రోజు రాష్ట్రం ఉత్తరాన ఇంకో కొండగాలి పారడైజ్ అనే ఊరిని తుడిచిపెట్టింది, 85 మంది పోయారు. పాత విద్యుత్ లైనే దానికి కారణం. వారిలో 84 మంది చావుకు నేరం ఒప్పుకుంటున్నామని 2020లో ఆ లైను నడిపే పీజీ అండ్ ఈ కంపెనీ కోర్టులో చెప్పింది. ఇప్పుడు గాలి పెరుగుతుందనగానే ముప్పున్న చోట్ల కంపెనీలే ముందుగా కరెంటు ఆపేస్తున్నాయి. మా అమీర్‌పేటలో గాలివాన వస్తే కరెంటు పోతుంది. అక్కడ గాలి వస్తుందని తీసేస్తారు.

ఇర్వైన్ పార్కుల్లో సాయంత్రం బెంచీల మీద సగం తెనాలి, సగం కరీంనగర్. వీసా మీద ఆరు నెలలకు వచ్చిన తల్లిదండ్రులు. నేను చూసొచ్చింది చెబుతుంటే ఒక తెనాలావిడ అంది: “మొన్నామధ్య ఫోను గట్టిగా మోగిందండీ. అలారం అనుకుని ఆపేశాను.” అత్యవసర సందేశాలు ఎక్కువగా ఇంగ్లిషులో, స్పానిష్‌లో వస్తాయి. పగలు కొడుకూ కోడలూ ఆఫీసులో, పిల్లలు బడిలో. కారు నడపడం రాని పెద్దవాళ్లు ఇంట్లో ఒంటరిగా. లేక్ అవెన్యూ పడమటి వైపు మనుషులు నాకు వీళ్లలో కనిపించారు. మా తలారి చాటింపుకు చదువు అక్కర్లేదు, ఫోన్ అక్కర్లేదు. అతను ఏ గుమ్మాన్నీ దాటేసి పోయేవాడు కాదు. ఇంత సాంకేతికత ఉన్నచోట లోటు పడింది ఆ ఒక్క పనే.

అక్టోబరు నుంచి జనవరి మధ్య అటు వెళ్లే మనవాళ్లకు నేను చెప్పదలచినవి కొన్నే. పాస్‌పోర్టులు, బీపీ షుగరు మందులు, కళ్లద్దాలు ఒక సంచిలో పెట్టి తలుపు దగ్గర ఉంచుకోండి. పగలు ఇంట్లో ఉండే, కారున్న పక్కింటి వాళ్లెవరో తెలుసుకోండి. భాష రాకపోయినా పరిచయం చేసుకోండి. కాలనీ నుంచి బయటకు రెండో దారి నడిచి చూసి పెట్టుకోండి. కొడుకు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగకండి, రోడ్లు మూసేస్తే అతను రాలేడు. గరాజు తలుపు చేత్తో తెరవడం నేర్చుకోండి. 2017 మంటల్లో కరెంటు పోయి ఆ తలుపు తెరుచుకోక ప్రాణాలు పోగొట్టుకున్న ముసలివాళ్లున్నారు. 2019 జులై నుంచి కొత్తగా అమ్మే మోటార్లకు బ్యాటరీ తప్పనిసరి చేసింది అందుకే. పాత ఇళ్లలో ఆ బ్యాటరీ ఉండకపోవచ్చు.

ఆ తెనాలావిడ మా మేనల్లుడి గరాజుకు వచ్చి చూసింది. మోటారు కింద వేలాడే ఎర్ర తాడు లాగమన్నాం. టక్కుమంది. రెండు చేతులతో తలుపు పైకెత్తింది, లేచింది.

“ఇంతేనా? మా వాడు ఇన్నాళ్లూ చెప్పలేదేంటండీ!” అని, వాళ్లాయన్ని పిలిచి ఆయన చేత కూడా లాగించింది.