కాగిన నూనె, కాచే నూనె

ఉష్ణోగ్రత స్వయంగా రోగం కాదనీ, లోపల జరుగుతున్నదాన్ని బయటికి తెలిపే గుర్తు మాత్రమేననీ వైద్యశాస్త్రం గ్రహించడానికి చాలా కాలం పట్టింది. జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో వైద్యుడిగా పనిచేసిన కార్ల్ వుండర్లిష్ సుమారు 25,000 మంది రోగుల ఉష్ణోగ్రతలను కొలిచి, ఆ అనుభవాన్నంతా 1868లో గ్రంథంగా వెలువరించాడు. ఆరోగ్యవంతుని సగటు ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెల్సియస్ అన్న మాట ఆ గ్రంథంతోనే లోకంలో స్థిరపడింది. అయితే ఆరోగ్యం ఒక అంకె కాదు, ఒక పరిధి అనీ, ఉదయం తక్కువగా సాయంత్రం ఎక్కువగా ఉండటం ఆ పరిధిలోని సహజమైన కదలికే అనీ ఆయన గమనించిన విషయం మాత్రం 37 అన్న అంకెకు వచ్చినంత ప్రచారానికి నోచుకోలేదు.

అదే జర్మనీలో పుట్టిన పోర్షె 911, బీఎండబ్ల్యూ ఎం3 వంటి స్పోర్ట్స్ కార్లలో, మామూలు కార్లలో అరుదుగా కనిపించే ఒక మీటరు ఉంటుంది. అది ఇంజన్ ఆయిల్ ఎంత వేడిగా ఉందో చూపుతుంది. ఇంట్లోని థర్మామీటరు లాగానే ఈ మీటరు కూడా చదవడం తెలిసినవారికి మేలు చేస్తుంది, తెలియనివారిని భయపెడుతుంది. వైద్యవృత్తిలో తరచుగా తారసపడే కొన్ని కేసుల వెలుగులో ఆ మీటరును ఎలా చదవాలో, ఆ నూనెను ఎలా చూసుకోవాలో, దాని వేడి నుంచి ఒంటిని ఎలా కాపాడుకోవాలో ఇక్కడ పరిశీలించవచ్చు.

ఇంజన్‌లో నూనె చేసే పని ఒక్కటి కాదు. తిరిగే క్రాంక్‌షాఫ్ట్‌కూ దాన్ని మోసే బేరింగులకూ మధ్య అది పలుచని పొరగా నిలిచి లోహం లోహాన్ని తాకకుండా చూస్తుంది, పిస్టన్ల కింది భాగం నుంచి వేడిని మోసుకుపోతుంది, మసినీ లోహపు రజనునూ తనలో కలుపుకుని ఫిల్టర్ దాకా చేరుస్తుంది. ఆ పొర మందం కొన్ని మైక్రాన్లకు మించదు. మనిషి ఎర్ర రక్తకణం వ్యాసమే ఏడెనిమిది మైక్రాన్లు ఉంటుందని గుర్తు చేసుకుంటే, నిమిషానికి ఎనిమిది వేల చుట్లు తిరిగే ఇంజన్ ఎంత సన్నని ఆధారం మీద బతుకుతున్నదో అర్థమవుతుంది. ఆ ఆధారం బలమంతా నూనె చిక్కదనం మీద, చిక్కదనమంతా ఉష్ణోగ్రత మీద ఆధారపడి ఉంటాయి.

ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌లో, మామూలు రోడ్డు ప్రయాణంలో నూనె ఉష్ణోగ్రత సాధారణంగా 90 నుంచి 110 డిగ్రీల మధ్య నిలుస్తుంది. నీళ్లు మరిగే అంకెను దాటిందని గాబరా పడేవారు చాలామంది ఉంటారు. గుండెదడ, నిద్రలేమి అంటూ వైద్యుని వద్దకు వచ్చే ఆందోళన రోగుల్లో రోజుకు పదిసార్లు జ్వరం చూసుకుని 37.3 అని కాగితం మీద రాసి తెచ్చేవారు ఉన్నట్టే, కారు కొన్న కొత్తలో 104 డిగ్రీలు చూసి రోడ్డు పక్కన ఇంజన్ ఆపేసేవారూ ఉంటారు. ఇద్దరికీ కావలసింది మందు కాదు, వివరణ. ఇంధనం మండినప్పుడు పుట్టే నీటి ఆవిరిలో కొంత భాగమూ, మండకుండా మిగిలిన పెట్రోలులో కొంత భాగమూ పిస్టన్ల పక్కనుంచి జారి నూనెలో చేరుతుంటాయి. నూనె వంద డిగ్రీల దరిదాపులకు చేరి కొంతసేపు అక్కడ నిలిస్తేనే ఆ తేమ, ఆ పెట్రోలు ఆవిరై బయటికి పోతాయి. అంటే 100 డిగ్రీలు జ్వరం కాదు, నూనె తనను తాను శుభ్రం చేసుకునే వేడి. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగి, నూనె ఎన్నడూ 70 డిగ్రీలు దాటని కారే నిజానికి ఎక్కువ అనారోగ్యంతో ఉన్నట్టు.

వేడి గురించి పడే భయంలో సగమైనా చల్లదనం గురించి పడటం అవసరం. నూనె డబ్బా మీద కనిపించే 5డబ్ల్యూ-40 వంటి గుర్తులో మొదటి భాగం చలిలో నూనె ఎంత సులువుగా కదులుతుందో, రెండవ భాగం 100 డిగ్రీల వద్ద దాని చిక్కదనం ఏ శ్రేణిలో ఉంటుందో తెలుపుతాయి. ఆ తరహా నూనె చిక్కదనం 100 డిగ్రీల వద్ద సుమారు 14 సెంటీస్టోకులు ఉంటే, 40 డిగ్రీల వద్ద 80కి పైనే ఉంటుంది, చలికాలపు ఉదయాన కొన్ని వందలకు చేరుతుంది. ఒక సెంటీస్టోకు అంటే గది వేడిలో ఉన్న మంచినీళ్ల చిక్కదనం. అంత చిక్కని నూనె సన్నని దారుల్లోకి చురుకుగా చేరదు. 2000లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం3లో ఇంజన్ చుట్లను చూపే మీటరు అంచున నారింజ రంగు దీపాలను అమర్చడానికి కారణమిదే. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆ దీపాలు హద్దును దిగువన చూపించి, నూనె వేడెక్కేకొద్దీ ఒక్కొక్కటిగా ఆరిపోతూ, చివరికి 8,000 చుట్ల దాకా దారి విడిచిపెడతాయి. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంట్ ముందుగా వేడెక్కుతుంది, నూనె ఆలస్యంగా వేడెక్కుతుంది కాబట్టి కూలెంట్ ముల్లు మధ్యకు వచ్చినంత మాత్రాన ఇంజన్ సిద్ధమైనట్టు కాదు. నూనె 80 డిగ్రీలు దాటేదాకా యాక్సిలరేటర్‌ను గట్టిగా తొక్కకపోవడం మంచి అలవాటు.

ఇంజన్‌ను వేడెక్కించాలన్న మంచి ఉద్దేశం ప్రాణాల మీదికి తెచ్చిన కేసులు వైద్యులకు కొత్త కాదు. చలి దేశాల్లో, మూసిన గ్యారేజీలో కారును నిలిపి ఉంచి ఇంజన్‌ను పావుగంట నడపడం, ఆ తరువాత తలనొప్పి, వాంతి, మగతతో ఆసుపత్రికి చేరడం, కొన్నిసార్లు ఇంట్లోవారందరికీ ఒకేసారి అదే తలనొప్పి రావడం అత్యవసర విభాగాల్లో పనిచేసేవారికి పరిచయమైన దృశ్యం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది; వేలికి తగిలించే మామూలు పల్స్ ఆక్సీమీటరు ఆ తేడాను గుర్తించలేక 98 శాతం అని చూపించగలదు. ఆ కేసుల్లో కూడా తప్పు అంకెది కాదు, అంకెను పరిస్థితితో కలిపి చదవకపోవడానిది. పోర్షె, బీఎండబ్ల్యూ సంస్థలు రెండూ తమ కార్ల వెంట ఇచ్చే పుస్తకాల్లో నిలబెట్టి వేడెక్కించవద్దనీ, స్టార్ట్ చేసిన వెంటనే బయలుదేరి నెమ్మదిగా నడుపుతూ వేడెక్కించాలనీ చెబుతాయి. ఆ సలహా ఇంజన్‌కు ఎంత మంచిదో ఊపిరితిత్తులకు అంతకంటే మంచిది.

ఇక రెండో అంచు అధిక వేడి. 20.8 కిలోమీటర్ల పొడవున కొండల మధ్య మెలికలు తిరిగే నూర్‌బుర్గ్‌రింగ్ వంటి రేసు మార్గంలో, రుసుము చెల్లించి సొంత కారు నడుపుకొనే సామాన్యుల కార్లలోనూ నూనె 120, 130 డిగ్రీలకు చేరుతుంది. మంచి సింథటిక్ నూనెలు దీన్ని కొంతసేపు ఓర్చుకుంటాయి. కానీ ముల్లు 130 దాటి ఇంకా పైకే పోతుంటే వేగం తగ్గించవలసిందే. ఎందుకంటే ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఆక్సీకరణ, అంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నూనె చెడిపోయే చర్య, సుమారు రెట్టింపు వేగంతో సాగుతుందన్నది రసాయనశాస్త్రంలో స్థూలంగా అంగీకరించిన సూత్రం. వేడితోపాటు నూనె పలచబడి ఒత్తిడి కూడా పడిపోతుంది కనుక ఉష్ణోగ్రత మీటరునూ ఒత్తిడి మీటరునూ కలిపి చూడాలి. రోగి జ్వరం ఒక్కటే చూసి బీపీ చూడని వైద్యుడు సగం పరీక్షే చేసినట్టు.

వేడెక్కిన ఇంజన్‌ను ఒక్కసారిగా ఆపకూడదన్న నియమానికి కూడా దేహంలో పోలిక ఉంది. గట్టిగా పరుగెత్తి గీత దాటగానే నిలుచుండిపోయిన క్రీడాకారుడు కొన్నిసార్లు కళ్లు తిరిగి పడిపోతాడు. కాళ్ల కండరాల కదలిక ఆగడంతో రక్తం కాళ్లలోనే నిలిచి, మెదడుకు చేరేది తగ్గుతుంది. అందుకే పరుగు తరువాత నెమ్మదిగా నడవమంటారు. టర్బోచార్జర్, అంటే పొగ వేగంతో తిరిగి ఇంజన్‌లోకి గాలిని నెట్టే చక్రం, ఉన్న ఇంజన్‌ను ఎర్రగా కాగిన స్థితిలో ఆపేస్తే నూనె ప్రవాహం ఆగిపోయి, అక్కడ మిగిలిన నూనె మాడి బొగ్గుపొరగా మారే ప్రమాదం ఉంటుంది. చివరి చుట్టును నెమ్మదిగా నడిపి, నూనెనూ కూలెంట్‌నూ చల్లబడనిచ్చి ఆపడమే దీనికి విరుగుడు.

కొలత ఏ స్థితిలో తీసుకున్నారన్నది కొలతలో భాగమే. అయిదు నిమిషాలు కూర్చోబెట్టకుండా, మెట్లెక్కి వచ్చిన మనిషికి వెంటనే చూసిన బీపీతో మందులు మొదలుపెడితే జరిగే పొరపాటే నూనె మట్టం విషయంలోనూ జరుగుతుంది. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో తొలిసారి కనిపించి, 1998 వరకు గాలితో చల్లబడే ఇంజన్‌తో తయారైన పోర్షె 911లో నూనె ఇంజన్ అడుగున కాక విడిగా ఒక ట్యాంకులో ఉంటుంది. దీన్నే డ్రై సంప్ పద్ధతి అంటారు. ఆ కార్లలో నూనె బాగా కాగి, ఇంజన్ నెమ్మదిగా నడుస్తూ, బండి సమతలం మీద ఉన్నప్పుడు మాత్రమే డిప్‌స్టిక్ నిజం చెబుతుంది. చల్లని ఇంజన్‌లో చూసి తక్కువైందని నూనె పోసినవారు, నడిచేటప్పుడు ట్యాంకు పొంగి పొగగొట్టంలో నీలిపొగ రావడం చూసి కొత్త రోగం వచ్చిందనుకుంటారు. అది రోగం కాదు, అవసరం లేని సెలైను ఎక్కించడం వంటి చికిత్సా దోషం.

నూనె మార్పు విషయంలో కిలోమీటర్ల లెక్క ఒక్కటే చాలదు. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు మాత్రమే తిరిగిన కారులో కూడా తేమ, ఆమ్లాలు పేరుకుంటాయి కనుక తయారీదారు చెప్పిన దూరమో గడువో ఏది ముందు వస్తే దాన్ని పాటించాలి. రేసు మార్గంలో నడిపే కారుకు ఆ గడువును మరింత కుదించాలి. నూనె తీసినప్పుడు చిన్న సీసాడు ప్రయోగశాలకు పంపితే రక్తపరీక్ష వంటి నివేదిక వస్తుంది. అందులో రాగి, సీసం పెరిగితే బేరింగుల అరుగుదలనూ, సిలికాన్ పెరిగితే ఎయిర్ ఫిల్టర్ దాటి వస్తున్న దుమ్మునూ, సోడియం పెరిగితే కూలెంట్ కలుస్తున్న అవకాశాన్నీ అనుమానించాలి. ఒక్క నివేదిక కంటే వరుస నివేదికల్లో కనిపించే పోకడే విలువైనదన్న సంగతి మధుమేహ రోగి చక్కెర పుస్తకం చూసే వైద్యులందరికీ తెలిసినదే.

వీటన్నిటికంటే వైద్యుని మనసులో ఎక్కువ కాలం నిలిచేవి చేతులు. కారు ఆపిన వెంటనే డ్రెయిన్ బోల్టు విప్పి, ముంజేతి మీదుగా నూనె జారి కాలిన వ్యక్తి. ఉంగరం తీయకుండా వచ్చి, వాపుతో వేలికి రక్తం ఆగిన వ్యక్తి. వేడి రేడియేటర్ మూత తిప్పి ముఖం, ఛాతీ కాల్చుకున్న వ్యక్తి: ఇవి కాలిన గాయాల విభాగంలో పదే పదే కనిపించే కేసులు. మోరిట్జ్, హెన్రిక్స్ అనే పరిశోధకులు 1947లో చూపినట్టు, 44 డిగ్రీల వద్ద చర్మం చెడిపోవడానికి గంటలు పడితే, 60 డిగ్రీల వద్ద సుమారు 5 సెకన్లు, 70 వద్ద ఒక్క సెకను చాలు. ఇంజన్‌కు ఆరోగ్యకరమైన 100 డిగ్రీల నూనె చర్మానికి ఎంత క్రూరమైనదో దీన్నిబట్టే తెలుస్తుంది. పైగా నూనె నీళ్లలా జారిపోక అంటుకుని ఉండి లోతుగా కాలుస్తుంది. కాలిన వెంటనే ఉంగరాలు, గాజులు తీసి, కుళాయి నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచాలి. మంచు, టూత్‌పేస్టు, పసుపు, సిరా ఏవీ పూయకూడదు. చేయి, ముఖం, కీళ్లు కాలినప్పుడు గాయం చిన్నదిగా కనిపించినా ఆసుపత్రికి వెళ్లాలి.

నెమ్మదిగా చేసే హాని మరొకటి ఉంది. చిమ్నీలు తుడిచేవారికి మసి వల్ల చర్మ క్యాన్సర్ వస్తున్నదని లండన్ శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ 1775లోనే గుర్తించాడు. ఆ మసిలో ఉండే రసాయనాల కుటుంబానికి చెందినవే వాడిన ఇంజన్ ఆయిల్‌లోనూ పేరుకుంటాయి. ఏళ్ల తరబడి తొడుగులు లేకుండా పనిచేసే మెకానిక్కుల ముంజేతుల మీద, నూనె గుడ్డలు జేబులో పెట్టుకునేవారి తొడల మీద నల్లని మొటిమలు, పగుళ్లు, మానని దురదలు కనిపిస్తాయి. చేతులను పెట్రోలుతో కడుక్కోవడం చర్మాన్ని ఇంకా ఎండబెట్టి ఆ రసాయనాలకు దారి తెరుస్తుంది. నైట్రైల్ తొడుగులు, సబ్బు, ప్రతిరోజూ ఉతికిన దుస్తులు: ఈ మూడింటితోనే ఈ బాధలో పెద్ద భాగం తప్పుతుంది.

తెలుగులో కాచడమంటే వేడిచేయడమూ, కాపాడడమూ. ఇంజన్‌లోని నూనె ఆ రెండర్థాలనూ ఒకటిగా నిలుపుకుంటుంది; తగినంత కాగినప్పుడే అది కాస్తుంది, హద్దు మీరి కాగితే కాచే శక్తిని కోల్పోతుంది. అందువల్ల స్పోర్ట్స్ కారు ఉన్నవారు, వాటిని బాగుచేసేవారు మూడు విషయాలను అలవాటుగా చేసుకోవాలి. నూనె వేడెక్కేదాకా ఇంజన్‌ను తొందరపెట్టకూడదు. నూనెకు గడువు తీరిన రోజున వాయిదా వేయకూడదు. నూనె గోరువెచ్చగా చల్లారేదాకా బోల్టు మీద చేయి వేయకూడదు. ఇంజన్ పాడైతే విప్పి కొత్త భాగాలు వేయవచ్చు. కాలిన చేతికి మునుపటి చర్మాన్ని ఏ వైద్యుడూ తెచ్చి ఇవ్వలేడు.