పేరు తెలియని మనిషి

అమెరికా వీసా దరఖాస్తును డీఎస్-160 అంటారు. అందులో మొట్టమొదట అడిగేది ఇంటిపేరు. మా నగరిలో చాలామంది ఆ గడి దగ్గరే ఆగిపోతారు.

మాది సరిహద్దు ఊరు. అంగట్లో తెలుగులో మొదలైన బేరం అరవంలో తెగుతుంది. కోస్తా వాళ్ల మాదిరి పేరు ముందర ఇంటిపేరు మాలో అందరికీ ఉండదు. నాయన పేరులో మొదటి అక్షరమే ఇనిషియలు. పెండ్లయినాక ఆడవాళ్లకు మొగుడి పేరులో అక్షరం. మాయమ్మకు రేషను కార్డులో ఒక అక్షరం, ఆధారులో ఇంకొకటి, పాస్‌పోర్టులో ఏదీ లేదు. అక్కడ ఇంటిపేరు గడి ఖాళీ.

ఇట్లాంటి వాళ్లకు అమెరికా వాళ్ల దగ్గర ఒక ఉపాయం ఉంది. ఉన్న ఒక్క పేరునూ ఇంటిపేరు గడిలో వేసి, అసలు పేరు రాయాల్సిన చోట ఎఫ్.ఎన్.యూ. అని పెట్టమంటారు. ‘ఫస్ట్ నేమ్ అన్‌నోన్’, పేరు తెలియదు అని. అరవై ఆరేండ్లుగా వీధి వీధంతా పిలిచే పేరు! అదే నయమేమో. 2022 నవంబరులో యూఏఈ అయితే పాస్‌పోర్టులో ఒకే పేరున్న సందర్శకులను రానీయమనేసింది. తర్వాత, లోపలి పేజీలో తండ్రి పేరుంటే సరేనని కాస్త సడలించింది.

పుట్టిన ఊరి దగ్గర ఇంకో చిక్కు. మాయమ్మ 1957లో తిరుత్తణిలో పుట్టింది. అప్పుడది చిత్తూరు జిల్లా, అంటే ఆంధ్రప్రదేశ్. సరిహద్దులు మార్చుకున్నప్పుడు, 1960 ఏప్రిల్ 1న, తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. దరఖాస్తులో రాష్ట్రం కూడా రాయాల. తమిళనాడు అని కొట్టినాను. వెనకనించి చూస్తా ఉన్న మాయమ్మ, “నేను పుట్టింది ఆంధ్రాలో కదరా” అనింది. ఈ సరిహద్దు ఉందని మాకు నిజంగా తెలిసింది మటుకు 2020లోనే. పుట్టింటికి పోవాలన్నా ఈ-పాస్ కావాల్సి వచ్చింది. వేలూరు జిల్లా అధికారులైతే చిత్తూరు వైపు రోడ్ల మీద గోడలే కట్టించినారు, మళ్లీ కొట్టించినారు.

అక్క డల్లాస్‌లో ఉంటుంది. కాన్పుకు అమ్మ రావాలని తొలి నెలల్లోనే అడిగింది. కాన్పుకు తొమ్మిది నెలలు, ఇంటర్వ్యూ స్లాటుకు ఏడాది పైన! కరోనా తర్వాతి రద్దీ అట్లా ఉండేది. స్లాటు దొరికేసరికి బిడ్డకు నాలుగో నెల. ఫీజు 185 డాలర్లు, వీసా ఇచ్చినా ఇవ్వకపోయినా తిరిగి రాదు.

2009 దాకా తెలుగువాళ్లంతా వీసాకు చెన్నైకే పోయేవాళ్లు. ఇప్పుడు హైదరాబాదులో ఉంది గానీ మాకు చెన్నైయే దగ్గర. ఏకాంబరకుప్పంలో రైలెక్కితే చాలు. వేలిముద్రలకు ఒక రోజు, ఇంటర్వ్యూకు ఇంకో రోజు. జెమినీ ఫ్లైఓవర్ పక్కన నేను బయట నిలబడినాను. వాళ్ల చట్టంలో 214(బి) అని ఒక సెక్షనుంది. సందర్శనకని వచ్చిన ప్రతి మనిషీ అక్కడే ఉండిపోయేదానికే వస్తున్నట్టు ముందుగా అనుకోవాల, కాదని నిరూపించుకోవాల్సింది వచ్చినవాళ్లే. కాగితాలన్నీ సంచిలో సర్ది పంపినాను. ఒక్కటీ చూడలేదంట.

“ఏమడిగినారు మా?”

“తిరిగొస్తావా అనింది ఆ పిల్ల. మగ్గాలు నాలుగుండాయి, మీ ఊర్లో నాకేం పని అన్నా.”

“ఏ భాషలో చెప్పినావు?”

“ఏదో ఒకటి. మధ్యలో ఉన్నాయన రెండూ ఎరిగినోడేలే.”

పదేండ్ల వీసా ఇచ్చినారు. పదేండ్లంటే అక్కడ పదేండ్లుండొచ్చని మా వీధిలో అందరూ అనుకున్నారు. ఎన్నాళ్లుండాలో చెప్పేది అక్కడ విమానాశ్రయంలో ఉండే అధికారి. మాయమ్మకు ఆర్నెల్లు ఇచ్చినాడు. ఐదు నెలలకే వచ్చేసింది. మనవరాలికి తలనూనె పెట్టనీయలేదని కోపం, మగ్గం చప్పుడు లేక నిద్ర పట్టలేదని ఇంకో ఫిర్యాదు.

వచ్చే ఏడు పాస్‌పోర్టు గడువు తీరుతుంది. ఈసారి ఇంటిపేరు గడి నింపుదామన్నాను. మా నాయన పేరు పెడితే సులువు, ఆధారులో ఉండేది ఆ అక్షరమే. మాయమ్మ ఒప్పుకోలేదు. “మా నాయన పేరు పెట్టు” అనింది. తాత బడికి పోలేదు, ఆయన పేరు మీద మా దగ్గర ఉండే కాగితం ఒక్కటీ లేదు. సోమవారం తిరుత్తణి తాలూకా ఆఫీసుకు పోతా ఉన్నాం.